జింబల్ వణుకుతోందా? ముందు తూకం చూడండి

సభలకు, పెళ్ళిళ్ళకు, ఉత్సవాలకు వీడియో తీయడం ఒకప్పుడు స్టూడియోవాళ్ళ పని. ఇప్పుడు మన ఇళ్ళ పిల్లలే తీస్తున్నారు. ఉగాది కవి సమ్మేళనమైనా, పిల్లల బహుమతి ప్రదానమైనా, ఎవరో ఒక కుర్రవాడు కెమెరాను జింబల్ అనే పిడికి బిగించుకుని వేదిక ముందు అటూ ఇటూ తిరుగుతుంటాడు. కొన్ని వేలు పోసి కొన్న వస్తువు. మొదటి నెల బాగానే నడుస్తుంది. ఆ తర్వాత నాకు ఫోన్లు మొదలవుతాయి. “సార్, చెయ్యి వణికినట్టు వస్తోంది.” “మామయ్యా, వీడియోలో మండపం ఒక పక్కకు ఒరిగిపోయింది.” “గుయ్యిమని చప్పుడు చేస్తోందండీ, మోటారు పోయిందంటున్నారు.”

నేను ఇంజినీరును కాదు. ఒక ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ ఉద్యోగం వల్ల అబ్బిన అలవాటు ఒకటుంది: వస్తువుతోపాటు వచ్చిన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవడం. కార్యదర్శిగా సంఘం వస్తువుల బాధ్యత నాదే కాబట్టి మా జింబల్‌ను విప్పి బిగించడం కూడా నేర్చుకున్నాను. నాకు తెలిసినంతలో, ఇలా వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం మోటారు కాదు. కెమెరా బరువును సరిగ్గా సర్దకుండా స్విచ్ నొక్కడమే.

వీడియో కాస్త వణికితే కొంప మునుగుతుందా అని అడిగేవారున్నారు. సభలో దండలు వేసే దృశ్యం వణికితే ఏమీ మునగదు. కానీ మేమిక్కడ హోసూరు పక్క పల్లెల్లో ముసలివాళ్ళ మాట, పాట రికార్డు చేస్తున్నాం. మన పిల్లలు బడిలో తమిళం చదువుతారు. మీ ఊళ్ళో అయితే కన్నడమో, ఒడియానో, మరాఠీనో చదువుతారు. తరతరాలుగా ఇంట్లో నిలిచిన తెలుగు ఏదైనా ఉంటే అది ఆ పెద్దల నోట్లోనే ఉంది. తొంభైకి దగ్గరపడిన అవ్వ తిరగలి పాట ఎత్తుకుంటే అది ఆ పూట పుట్టిన బుద్ధి. మళ్ళీ పాడమంటే, “పోరా, ఇంకేం వస్తుంది నాకు” అంటుంది. ఆ ఒక్కసారి పాడిన పాటలో జింబల్ మోటారు గుయ్యిమన్న చప్పుడు కెమెరా మైకులో పడి పాటను మింగేస్తే ఆ నష్టం పూడ్చలేం. కంపనం వల్ల బొమ్మ చెదిరితే ఏదో సాఫ్ట్‌వేరుతో కొంత సర్దుకోవచ్చు. గొంతు మీద పడిన రొదను తీసేయబోతే గొంతు కూడా కొంత పోతుంది.

అసలు ఈ యంత్రం ఏం చేస్తుందో ముందు చూద్దాం. జింబల్‌లో మూడు మోటార్లుంటాయి. కాదు కాదు అని తల అడ్డంగా ఊపుతామే, ఆ కదలిక పాన్. సరే సరే అని పైకీ కిందికీ ఊపేది టిల్ట్. నిద్ర వచ్చి తల భుజం మీదికి వాలుతుందే, అది రోల్. లోపల ఉండే చిన్న గ్రాహకాలు కెమెరా ఎటు తిరుగుతోందో, ఎటు ఒరుగుతోందో సెకనుకు ఎన్నోసార్లు కనిపెడతాయి. మీ చెయ్యి కుడికి వాలితే మోటారు కెమెరాను అంతే ఎడమకు తిప్పి నిలబెడుతుంది. ఈ మోటార్లకు పళ్ళ చక్రాలుండవు. అందుకే స్విచ్ ఆపితే చేతులు తేలిగ్గా ఊగిపోతాయి. చూసినవాళ్ళు ఇది విరిగిందేమో అనుకుంటారు. విరగలేదు, దాని తీరే అది. ఆ తీరు ఉండబట్టే మనం వేలితో తూకం పరీక్షించగలుగుతున్నాం.

కావడి మోసేవాణ్ణి చూసినవాళ్ళకు మిగతాది వెంటనే అర్థమవుతుంది. రెండు కుండలూ సమానంగా ఉంటే బద్ద భుజం మీద దానంతటదే నిలుస్తుంది. మనిషి చెయ్యి ఊరికే తాకి ఉంటే చాలు, ఊగినప్పుడు కాస్త ఆపితే చాలు. ఒక కుండలో నీళ్ళు ఎక్కువైతే? రెండో వైపు బద్దను కిందికి నొక్కి పట్టుకునే నడవాలి. చెయ్యి లాగుతుంది, వణుకుతుంది. ఎదురుగా రాయి వస్తే తప్పుకునే ఓపిక ఆ చేతికి మిగలదు. జింబల్ మోటారు ఆ చెయ్యి. దాని పని కదలికను సరిదిద్దడం. బరువు మోయడం దాని పని కాదు. బరువును కూడా దాని మీద పెడితే వేడెక్కుతుంది, రొద చేస్తుంది, బ్యాటరీ తొందరగా తాగేస్తుంది, ఎక్కడో ఒకచోట చేతులెత్తేసి కెమెరాను వేలాడేస్తుంది.

ఇది కొత్త సంగతేం కాదు. ఓడ ఎంత ఊగినా దిక్సూచి మట్టంగా ఉండాలని పాతకాలం నావికులు దాన్ని ఒకదానిలో ఒకటి తిరిగే వలయాల మధ్య వేలాడదీసేవారు. సినిమాకు 1970లలో గారెట్ బ్రౌన్ అనే అమెరికా ఛాయాగ్రాహకుడు స్టడీకామ్ తయారు చేశాడు. మన తెలుగువాళ్ళకు దాని గొప్ప తెలిసింది 1989లో వచ్చిన రాంగోపాల్ వర్మ ‘శివ’తో. అందులో కెమెరా మనుషుల వెంట పరిగెత్తుతుంటే మా వయసువాళ్ళం హాల్లో నోరు తెరుచుకుని చూశాం. స్టడీకామ్‌ను నిలకడగా ఉంచేది ప్రధానంగా బరువుల తూకం, ఒంటికి కట్టుకునే స్ప్రింగుల చెయ్యి. షాటుకు ముందు ఆ తూకం సర్దుకోవడం అక్కడ తప్పనిసరి. మోటార్లు వచ్చాక మనవాళ్ళు ఆ పని అక్కర్లేదనుకున్నారు.

ఇక పనిలోకి వద్దాం. తూకం చూసేముందు కెమెరాను ఎలా వాడబోతున్నారో సరిగ్గా అలా సిద్ధం చేయాలి. బ్యాటరీ, కార్డు లోపల ఉండాలి. లెన్స్ మూత తీసేయాలి. ఫిల్టర్ వాడేట్టయితే ముందే బిగించాలి. పక్కకు తెరుచుకునే తెర ఉంటే తెరిచి ఉంచాలి. మైకు పైన పెట్టేట్టయితే పెట్టాలి. మెడ పట్టీ తీసి పక్కన పడేయాలి, అది ఊగుతూ తూకం చెడగొడుతుంది. జూమ్ లెన్స్ అయితే ఏ దూరంలో తీస్తారో అక్కడికి తిప్పి ఉంచాలి. జూమ్ చేసినప్పుడు గొట్టం ముందుకు సాగే లెన్సుల్లో బరువు కూడా ముందుకు జరుగుతుంది.

లెన్స్ మార్చినప్పుడు ఎంత తేడా వస్తుందో లెక్కలో చూడండి. కేనన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం లెన్స్ 160 గ్రాములు. అదే కంపెనీ 24-70 ఎంఎం ఎఫ్ 2.8 రెండో తరం లెన్స్ 805 గ్రాములు. అరకిలోకు పైన తేడా. మా ఊళ్ళో ఒకరింట్లో జరిగిందిదే. పిల్లవాడు చిన్న లెన్సుకు సర్దిన జింబల్ మీద పెళ్ళి కోసం అద్దెకు తెచ్చిన పెద్ద లెన్స్ తగిలించాడు. అది మొరాయించింది. దుకాణంలో చూపిస్తే మోటారు మార్చాలని చెప్పి జింబల్ ధరలో సగానికి చీటీ రాసిచ్చారు. ఆ చీటీ పట్టుకుని ఇంటికొచ్చారు తండ్రీకొడుకులు. ప్లేటును వెనక్కి జరిపి, మూడు వైపులా తూకం సర్దేసరికి పావుగంట పట్టింది. రూపాయి ఖర్చు లేదు.

ప్రతి జింబల్‌కూ మోయగల బరువు ఇంత అని ఉంటుంది. డీజేఐ ఆర్‌ఎస్ 3 మినీకి 2 కిలోలు, ఆర్‌ఎస్ 3కి 3 కిలోలు అని కంపెనీ చెబుతుంది. కెమెరా, లెన్స్, మైకు, ప్లేటు అన్నీ కలిపి వంటింటి తూకం యంత్రం మీద పెట్టి చూడండి. సరిగ్గా అంచున ఉండేట్టు వాడకండి, కొంత వెసులుబాటు ఉంచండి.

తర్వాత జింబల్ స్విచ్ ఆపి, దాని చిన్న ముక్కాలిపీట విప్పి గట్టి బల్ల మీద నిలబెట్టండి. మంచం మీద వద్దు. మూడు ఇరుసులకూ లాక్ ఉంటే మూడూ వేయండి. ఒక్కొక్కటే విప్పి చూడాలి, ఒకేసారి అన్నీ విప్పితే ఏది ఎటు లాగుతోందో ఎవరికీ తెలియదు. లోపలి నుంచి బయటికి రావాలి: టిల్ట్, తర్వాత రోల్, చివర పాన్. టిల్ట్ మోటారు మోసేది కెమెరాను మాత్రమే. రోల్ మోటారు కెమెరాతోపాటు టిల్ట్ చేతిని కూడా మోస్తుంది. పాన్ మోటారు ఆ రెండింటినీ కలిపి మోస్తుంది. బయటిది ముందు సర్ది, లోపల కెమెరాను జరిపితే బయటి తూకం మళ్ళీ చెడుతుంది.

టిల్ట్‌లో రెండు పరీక్షలున్నాయి. మొదటిది అందరూ చేస్తారు. లెన్స్‌ను ఎదురుగా, మట్టంగా పెట్టి చెయ్యి తీసేయండి. ముక్కు కిందికి వాలితే ముందు బరువెక్కువ, కెమెరాను వెనక్కి జరపాలి. ముక్కు పైకి లేస్తే ముందుకు జరపాలి. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల చొప్పున జరపండి. బిగించేటప్పుడు ప్లేటు కాస్త కదులుతుంది, కాబట్టి స్క్రూ బిగించాక మళ్ళీ చూడండి.

రెండో పరీక్ష చాలామంది వదిలేస్తారు, తగాదా అంతా అక్కడే. లెన్స్‌ను ఆకాశం వైపు తిప్పి నిలబెట్టి చెయ్యి తీయండి. అది వెనక్కి, అంటే మీ వైపు పడిపోతే కెమెరా ఎత్తు ఎక్కువైందన్నమాట, కిందికి దించాలి. ముందుకు వాలి మళ్ళీ మట్టానికి వచ్చేస్తే కెమెరా మరీ కిందికి ఉంది, పైకి లేపాలి. ఎందుకంటే కెమెరా బరువుకు నట్టనడుమ ఒక చోటు ఉంటుంది, ఆ చోటు మోటారు ఇరుసు మీదికి రావాలి. అది ఇరుసుకు కింద ఉంటే కెమెరా గుడి గంటలా వేలాడుతుంది. మట్టంగా పెడితే బ్రహ్మాండంగా నిలుస్తుంది, ఎటు తోసినా మళ్ళీ మట్టానికే వస్తుంది. చూసినవాళ్ళు తూకం కుదిరిందనుకుంటారు. తీరా గోపురం కలశం చూపిద్దామని లెన్స్ పైకి ఎత్తగానే మోటారు ఆ గంటను ఎత్తి పట్టుకోవాల్సి వస్తుంది, వణుకు మొదలవుతుంది. ఇరుసుకు పైన ఉంటే బొంగరం సంగతి, ఎటు తోస్తే అటే పడుతుంది.

రెండూ సర్దాక ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల్లో ఉంచి వదలండి. అక్కడే ఆగాలి. పైకి పెడితే పైన, కిందికి పెడితే కింద, ఎక్కడ వదిలితే అక్కడ నిలవాలి. మంచి త్రాసు ముల్లు మధ్యలో ఆగినట్టు ఒక్కచోటే ఆగితే చాలదు.

రోల్ తేలిక. టిల్ట్ లాక్ వేసి రోల్ లాక్ విప్పండి. కెమెరా ఎడమకు వాలితే చేతిని కుడికి జరపండి, కుడికి వాలితే ఎడమకు. బ్యాటరీ పట్టు ఉన్న వైపు బరువెక్కువ కాబట్టి చాలా కెమెరాలు మధ్యలో పెడితే మధ్యలో నిలవవు. చూడ్డానికి కెమెరా ఒక పక్కకు ఉన్నట్టుంటుంది. ఉండనివ్వండి.

పాన్ దగ్గర ఒక చిక్కుంది. జింబల్ నిటారుగా నిలబడి ఉన్నప్పుడు పాన్ తూకం తప్పినా ఏమీ కనపడదు, ఎందుకంటే తలుపు నిలువు ఇరుసు మీద తిరిగినట్టు అది తిరుగుతుంది. తలుపుకు ఎంత బరువున్నా గడప మట్టంగా ఉంటే అదంతటదే మూసుకోదు. గడప ఒరిగిన ఇంట్లో మూసుకుంటుంది. కాబట్టి పాన్ చూడాలంటే ఇరుసును ఒరగబెట్టాలి. టిల్ట్, రోల్ లాక్ వేసి, ఒక చేత్తో పిడిని నేలకు సమాంతరంగా పడుకోబెట్టి పట్టుకుని, రెండో చెయ్యి కెమెరా కింద అండగా ఉంచి పాన్ లాక్ విప్పండి. బరువున్న వైపు కిందికి తిరుగుతుంది. ఏ వైపు దిగిందో దానికి ఎదురు దిక్కుకు పాన్ చేతిని జరపండి. ఇది బల్ల పక్కనే చేయండి, నడిరోడ్డు మీద వద్దు. పాన్ తూకం తప్పిన జింబల్‌తో నిలబడి తీస్తే బాగానే వస్తుంది. పిడిని ముందుకు వంచి పిల్లల ముఖాల ఎత్తుకు దించగానే కెమెరా మెల్లగా పక్కకు జారిపోతుంది.

ఇక లాకులన్నీ తీసి స్విచ్ వేయవచ్చు. లాక్ తీయడం మరిచి స్విచ్ వేస్తే మోటారు గోడను తోసినట్టు తోస్తుంది, ఆ అలవాటు అసలే వద్దు. పెద్ద జింబళ్ళలో ఆటో ట్యూన్ అని ఒకటుంటుంది. అది మీ కెమెరా బరువుకు తగినట్టు మోటారు బలాన్ని తనే నిర్ణయించుకుంటుంది. తూకం సర్దాకే దాన్ని నడపాలి. కొందరు తూకం సర్దకుండా ఆటో ట్యూన్ నొక్కి చేతులు దులుపుకుంటారు. అప్పుడు మోటారు తప్పు బరువుకు అలవాటు పడుతుంది.

అన్నీ సరిగా ఉన్నా సన్నని వణుకు, గుయ్యిమనే చప్పుడు వస్తే బలం ఎక్కువైందని అర్థం. తేలిక కెమెరాకు బలం ఎక్కువ పెడితే మోటారు చిన్న కదలికకు కూడా అతిగా స్పందించి, దాన్ని సరిదిద్దబోయి మళ్ళీ అతి చేసి, అలా కంపిస్తూనే ఉంటుంది. యాప్‌లో ఆ ఇరుసు బలాన్ని మెట్టు మెట్టుగా తగ్గించుకుంటూ రండి. కెమెరా మెత్తగా, నీరసంగా వెనకబడుతుంటే మరీ తగ్గించారన్నమాట. బలం ముట్టుకునేముందు స్క్రూలు చూడండి. ప్లేటు కింద స్క్రూ అర చుట్టు వదులైనా ఇదే కంపనం వస్తుంది. పొడుగు లెన్స్ అయితే దాని ముందు భాగానికి ఆనించే చిన్న ఊత పెట్టెలోనే ఇస్తారు. అది పెట్టెలోనే ఉండిపోతోంది చాలామంది దగ్గర.

తీగ సంగతి కూడా చెప్పాలి. మైకు తీగో, తెరకు వెళ్ళే తీగో గట్టిగా ఉండి కెమెరాను లాగితే ఎంత తూకం సర్దినా లాభం లేదు. మెత్తటి సన్నని తీగ వాడి, వంపు వదులుగా వదిలి, మోటారు చుట్టూ చిక్కుకోకుండా చూసుకోవాలి. అవ్వల పాటలకైతే మేము మైకును జింబల్ మీద అసలు పెట్టం. చిన్న కాలరు మైకు అవ్వ చీర చెంగు దగ్గర పెట్టి, వేరే రికార్డరులో ధ్వని తీసుకుంటాం.

ఇప్పుడు ఒరిగిన మండపం దగ్గరికి వద్దాం. తూకం వేరు, మట్టం వేరు. తూకం చక్కగా కుదిరిన జింబల్ కూడా ఒరిగిన బొమ్మ తీయగలదు, ఎందుకంటే మట్టం ఎక్కడుందో అది తన గ్రాహకాన్ని అడిగి తెలుసుకుంటుంది. గ్రాహకం తప్పు చెబితే ఆ తప్పునే గట్టిగా పట్టుకుని నిలబెడుతుంది.

మొదట చూడవలసింది ప్లేటు. కెమెరా ప్లేటు మీద తిన్నగా, అడుగు అంతా ఆని కూర్చుందా? మధ్యలో ఇసుక రేణువో, మడత పడిన రబ్బరో ఉంటే కెమెరా ఒరుగుతుంది. తర్వాత రసమట్టం తీసుకోండి. తాపీమేస్త్రీల రసమట్టమే, తమిళ మేస్త్రీలు కూడా ఆ మాటే అంటారు కాబట్టి మా ఊళ్ళో ఏ దుకాణంలో అడిగినా ఇస్తారు. జింబల్ ఆన్ చేసి, చిన్న రసమట్టాన్ని కెమెరా పైభాగంలో మట్టంగా ఉన్న చోట ఆనించి చూడండి. బుడగ మధ్యలో ఉండి బొమ్మ మాత్రం ఒరిగితే మండపమే ఒరిగి ఉండొచ్చు. నవ్వకండి, పందిళ్ళు వేసేవాళ్ళ పని మీకు తెలియనిదా! అలాంటప్పుడు కట్టడం గోడ అంచునో, తలుపు దర్వాజానో చూసి పోల్చుకోండి. బుడగ పక్కకు జరిగితే గ్రాహకాన్ని మళ్ళీ సరిచేయాలి. దాన్నే కాలిబ్రేషన్ అంటారు.

కాలిబ్రేషన్‌కు ప్రతి కంపెనీ తన పద్ధతి తను చెబుతుంది. కొన్నింట్లో బల్ల మీద కదలకుండా పెట్టి యాప్‌లో బటన్ నొక్కితే చాలు. జియున్ వారి కొన్ని జింబళ్ళలో ఆరు వైపులా ఒక్కొక్కటిగా మట్టమైన చోట ఆనించాలి. పద్ధతి ఏదైనా, ఆ సమయంలో అది కదలకూడదు. నడుస్తున్న కారులో, ఒళ్ళో పెట్టుకుని, పక్కన లౌడ్‌స్పీకరు మోగుతున్న వేదిక బల్ల మీద చేయకండి. బల్లను ముందు రసమట్టంతో చూసుకోండి. ఏసీ కారులోంచి తీసి మే నెల ఎండలోకి తెచ్చిన జింబల్‌ను పది నిమిషాలు అలా వదిలేయండి. ఈ గ్రాహకాలకు వేడి తేడా పడదు, చల్లగా ఉన్నప్పుడు చెప్పిన మట్టం వేడెక్కాక కొంచెం మారుతుంది. నిలబెట్టి ఉన్నా కెమెరా తనంతట తను మెల్లగా పక్కకు తిరుగుతుంటే చాలాసార్లు ఇదే మందు.

కాలిబ్రేషన్ తర్వాత కూడా వెంట్రుకవాసి ఒరుగు మిగిలితే యాప్‌లో రోల్ సర్దుబాటు ఉంటుంది, డిగ్రీలో పదో వంతు చొప్పున తిప్పుకోవచ్చు. దీన్ని మొదటే ముట్టుకోకండి. ప్లేటు వంకరగా ఉండగా ఇక్కడ సర్దితే, ప్లేటు సరిచేసిన రోజు మళ్ళీ వంకర.

ఫోన్ జింబళ్ళవాళ్ళకు ఇంత పని లేదు. జరపడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు, ఫోన్‌ను పట్టులో మధ్యకు జరపడమే. ముందు ఫోన్ బిగించి, తూకం చూసి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. ఫోన్ లేకుండా ఆన్ చేసి తర్వాత తగిలించేవాళ్ళను చూస్తుంటాను, మోటారు ఒక్కసారిగా ఎగిరిపడుతుంది పాపం. మందపాటి కవరు, వెనక అంటించిన ఉంగరం, కవరులో దూర్చిన పది రూపాయల నోట్లు అన్నీ తీసేయండి. డీజేఐ ఓస్మో మొబైల్ 6 లాంటివి 170 నుంచి 290 గ్రాముల ఫోన్లకు తయారైనవి. ఇప్పటి పెద్ద ఫోన్లు కవరుతో కలిపితే ఆ పైఅంచు దగ్గరికి వచ్చేస్తున్నాయి. పట్టు మీద కెమెరా ఏ వైపు ఉండాలో గుర్తు ఉంటుంది, తిరగేసి పెడితే బరువు రెండో వైపు పడుతుంది.

ఇన్ని చేసినా నడిచి తీసిన వీడియో పైకీ కిందికీ ఎగురుతోందంటే దానికి జింబల్ బాధ్యురాలు కాదు. మూడు మోటార్లూ తిరుగుడును ఆపగలవు గానీ, మీ అడుగుతో కెమెరా మొత్తంగా లేచి దిగడాన్ని ఆపలేవు. సోలాపూర్ మార్కండేయ రథోత్సవంలోనో, బరంపురం ఠాకురాణీ యాత్రలోనో జనంతోపాటు నడుస్తూ తీసేవాళ్ళకు ఇది తప్పని తిప్పలు. మోకాళ్ళు కాస్త వంచి, మడమ మెల్లగా ఆనించి, నెత్తిన నిండు బిందె పెట్టుకుని నడిచే ఆడవాళ్ళ నడక నడవాలి. అడుగు చిన్నది వేయాలి. మోచేతులు ఒంటికి అతుక్కుపోకుండా వదులుగా ఉంచాలి. మా ఇంట్లో ఈ నడక అందరికంటే బాగా వచ్చింది మా ఆవిడకే. కెమెరా మాత్రం పట్టుకోనంటుంది.

నిజంగా యంత్రంలో లోపం ఉందని ఎప్పుడనుకోవాలి? స్విచ్ ఆపి, కెమెరా తీసేసి, ఒక్కొక్క చేతినీ వేలితో తిప్పి చూడండి. నునుపుగా తిరగాలి. ఒకచోట గరగరమన్నా, ఒక కోణంలో పట్టేసినా, ఇరుసు దగ్గర చెయ్యి వదులుగా అటూ ఇటూ ఊగినా అది మన చేతిలో పని కాదు. యానాం వైపు గోదావరి ఒడ్డున తీసేవాళ్ళు ఇసుక విషయం గుర్తుంచుకోవాలి, సన్నని రేణువు మోటారులో దూరితే ఇలాగే గరగరమంటుంది. కింద పడిన జింబల్ చెయ్యి కంటికి కనపడనంత వంగినా తూకం ఎన్నటికీ కుదరదు. తూకం కుదిరి, బరువు హద్దులో ఉండి, కాలిబ్రేషన్ అయి, అయినా ఆన్ చేయగానే ఒకే మోటారు పదే పదే ఆగిపోతే అప్పుడు దుకాణానికి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఈ పరీక్షలన్నీ చేశామని ఒక కాగితం మీద రాసి వస్తువుతోపాటు ఇవ్వండి. రాత ఉంటే ఎదుటివాడు కూడా కాస్త ఆలోచించి చీటీ రాస్తాడు.

మా సంఘం జింబల్‌ను నలుగురు కుర్రవాళ్ళు వంతులవారీగా వాడతారు, రెండు లెన్సులు మారుతుంటాయి. జరిపే చేతుల మీద గీతలు, అంకెలు ఉంటాయి చూడండి, చాలామంది వాటిని అలంకారమనుకుంటారు. ఒక్కో లెన్సుకు తూకం కుదిరిన చోట ఆ అంకెలు రాసుకుని, పెట్టె మూత లోపల అంటించాం. చిన్న లెన్సుకు ప్లేటు ఎంత, ఎత్తు ఎంత, రోల్ ఎంత, పాన్ ఎంత. కింద పెద్ద లెన్సుకు అదే వరస. అంకెలు లేని చోట సన్నటి తెల్ల టేపు ముక్క అంటించి పెన్నుతో గీత గీశాం. లెన్స్ మార్చినప్పుడు పావుగంట పట్టే పని ఇప్పుడు మూడు నిమిషాల్లో అవుతుంది, చివర్లో కొద్దిగా సర్దుకుంటే సరిపోతుంది. అవ్వ పాట అందుకునేలోపు కెమెరా సిద్ధంగా ఉంటోంది. వస్తువు తీసుకెళ్ళినవారు తిరిగి ఇచ్చేటప్పుడు రిజిస్టరులో సంతకంతోపాటు ఏ లెన్స్ మీద వదిలారో కూడా రాయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే నేను వస్తువు లోపలికి తీసుకోను.